దొంగిలించని సిమెంటు

2003 డిసెంబరు 14, ఆదివారం. ఆ రోజు తిన్నవి జోగారావుకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. నూనెలో వేయించిన గులాబీ పువ్వులు రెండు, ఒక ప్లం కేకు ముక్క, పులుపు కాస్త ఎక్కువైన పులిహోర, ఆపైన స్టీలు గ్లాసులో చాయ్. తన భార్య కామాక్షి గుడ్డు తినదని ఎవరు చెప్పారో ఏమో, పాస్టరుగారి భార్య ఆమె కోసం విడిగా రవ్వతో చిన్న కేకు చేసి మూతపెట్టి ఉంచింది. లాలాగూడ గుట్ట మీది సెయింట్ ఆస్వల్డ్స్ చర్చి గోడలకు సిమెంటు పూత పూర్తయిన రోజది. రైల్వేలో వర్క్స్ ఇన్‌స్పెక్టరుగా ఉంటూ, సెలవురోజుల్లో ఉచితంగా ఆ పని చేయించినందుకు జోగారావు మెడలో దండ వేశారు. చేసిన మేస్త్రీ బిక్షానికి తువ్వాలు కప్పారు.

ఆ గోడే ఇప్పుడు కూలేలా ఉంది. సికింద్రాబాదు పాత చర్చిల చరిత్ర రాద్దామని టేపు, నోటుబుక్కు పట్టుకుని తిరుగుతున్న జోగారావు, ఇన్నాళ్లూ తప్పించుకుంటూ వచ్చిన ఈ చర్చి గేటు ముందే చివరికి వచ్చి నిలబడ్డాడని పాఠకులకు తెలుసు. పాత కట్టడాలను బాగుచేసే చదువు చదివిన అనుపమ, ఉత్తరపు గోడలో జానెడు సిమెంటు పెచ్చు తీసి పరీక్షకు పంపిందనీ తెలుసు. బస్తాలు అమ్ముకున్నాడన్న నింద పడి మేస్త్రీపని పోగొట్టుకున్న బిక్షం, ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా దొరకడం కిందటి వారం సంగతి. "ఒక్కసారి వచ్చి గోడ చూడు" అని జోగారావు అతన్ని బతిమాలాడు. ఆ నింద ఎక్కణ్ణుంచి పుట్టిందో మాత్రం చెప్పలేకపోయాడు.

బిక్షం మాట మీద నిలబడే మనిషి. ఆదివారం పదిన్నరకల్లా, ఇస్త్రీ చేసిన నీలం వాచ్‌మన్ చొక్కాతోనే, రెండు బస్సులు మారి వచ్చాడు. వచ్చాడు గానీ లోపలికి రాలేదు. పడమటి తలుపు బయట రాతిమెట్ల మీద ఓ పక్కగా కూర్చున్నాడు.

"లోపలికి రా బిక్షం. ఆరాధన అయిపోయింది. కమిటీవాళ్లే ఉన్నారు," అన్నాడు జోగారావు.

"వద్దు సార్. గడప లోపట కాలు పెట్టొద్దన్నరు నన్ను. అన్నోళ్లు రమ్మంటె చూస్త. ఈడ మంచిగ గాలొస్తుంది."

"అది అని పదహారేళ్లయిందయ్యా."

"అయితేంది? మాట వాపస్ తీస్కున్నరా?"

ఇంతలో జకర్యా వచ్చాడు. గంట కొట్టేదీ, తాళాలు చూసుకునేదీ నలభై ఏళ్లుగా అతనే. ఒకప్పుడు బిక్షానికి ప్రాణస్నేహితుడు. చేతిలోని మంచినీళ్ల గ్లాసు బిక్షానికి బారెడు దూరంలో మెట్టు మీద పెట్టి వెనక్కి వెళ్లిపోయాడు. బిక్షం అటు చూడలేదు. కానీ జకర్యా వెనుదిరగగానే గ్లాసు ఎత్తి ఆసాంతం తాగాడు. జోగారావు అది గమనించాడు. ఇవాళ్టికి అదొక్కటైనా మంచి జరిగిందనుకున్నాడు.

లోపల మబ్బు పగటి వెలుతురు. ఈ చర్చి గురించి జోగారావు నోటుబుక్కులో తొమ్మిది పేజీలున్నాయి. రైలు వచ్చిన కొత్తలో, 1881లో, రైల్వే కుటుంబాల కోసం కట్టారు. కట్టడపు పటం ఓడలో ఇంగ్లండు నుంచి వచ్చింది. రాయీ ఇటుకా సున్నమూ ఇక్కడివి. పటం గీసినాయన హైదరాబాదు ఎండ చూసి ఉండడు. అందుకే మంచు పడితే జారిపోవాలని కప్పును నిటారుగా, చేతులు జోడించినట్టు ఏటవాలుగా గీశాడు. లాలాగూడలో మంచు పడేదెప్పుడు? ఇక్కడి మేస్త్రీలు మాత్రం అతను గీసింది గీసినట్టు కట్టి, తమకు తెలిసింది తాము కలిపారు. గోడలు మూడడుగుల మందాన లేపారు. సన్నగా పొడవుగా పైకి కోసుతేలిన కిటికీల కింద గాలికి చెక్క రెక్కలు పెట్టారు. స్తంభాల తలల మీద పటంలో ఏవో సీమ ఆకులుంటే, ఆ ఆకు ఎలా ఉంటుందో తెలియక సీతాఫలం ఆకులు చెక్కారు. ఊళ్లో జోగారావు ఇంతవరకు చూసిన పదకొండు పాత చర్చిల్లో, రెజిమెంట్ల కోసం కట్టిన పెద్దవి ఉన్నాయి, రంగు అద్దాలతో వెలిగిపోయేవి ఉన్నాయి. సీతాఫలం ఆకులు మాత్రం ఇక్కడే.

వాటికి నాలుగడుగుల దూరంలో, ఉత్తరపు గోడ పొడుగునా సిమెంటు ఉబ్బి, తెల్లటి ఉప్పు పూసి, బూజుపట్టిన రొట్టెలా ఉంది.

గోడ పక్కన బల్ల వేసుకుని కమిటీ కూర్చుంది. పాస్టరుగారు, కార్యదర్శి విజయేందర్, ముగ్గురు పెద్దలు, ఓ చివర అనుపమ. విజయేందర్ ముందు కొత్త హాలు పటం పరిచి ఉంది.

"చూడుండ్రి అయ్యగారూ," అన్నాడు విజయేందర్. "ఈ చర్చంటె నాకు ఇష్టం లేక గాదు. నా బాప్తిస్మం ఈడ్నే, లగ్గం ఈడ్నే. మా డాడీ పోయిననాడు ఆయన బాక్స్ సుత గీ తలుపుల నుంచే పోయింది. కానీ పోయిన వారం సండే స్కూల్ టైంల పెచ్చు పడ్డది. పిల్లలు అప్పుడే లేచి బిస్కెట్లకు ఉరికిన్రు కాబట్టి సరిపోయింది. మల్ల పడితే ఎవరు జవాబ్ చెప్పాలె? పాతది దించుదాం, పిల్లర్లేసి కొత్తది కడదాం. తీర్మానం మీద ఇయ్యాల దస్కతులు పెడితే రేపు పై ఆఫీసుకు పోతది."

పాస్టరుగారు అనుపమ వైపు చూశారు. "నువ్వేమంటావమ్మా?"

"గోడ వయసైపోయి పాడవలేదండీ," అంది అనుపమ. "నూట ఇరవై ఏళ్లు శుభ్రంగా ఉంది. తర్వాతి ఇరవై ఏళ్లలోనే పాడైంది. సున్నపు గోడ వానకు తడుస్తుంది, ఎండకు ఆరుతుంది. దాని మీద సిమెంట్ పూస్తే తడి బయటికి పోయే దారి ఉండదు. రెయిన్‌కోట్ వేసుకుని ఎండలో పరిగెత్తినట్టే. లోపల్లోపల నానిపోయి, సున్నం పిండైపోయింది. సిమెంట్ తీసేసి, గోడ ఆరనిచ్చి, మళ్లీ గానుగ సున్నం పూస్తే నిలబడుతుంది. కాకపోతే కరక్కాయ నీళ్లూ బెల్లం కలిపి ఆ సున్నం తయారుచేయడం చేత్తో తెలిసినవాళ్లు కావాలి. నేను వెతికినంతలో ఒక్కరే ఉన్నారు. ఆయన బయట మెట్ల మీద కూర్చున్నారు."

"ఎవరు, గా బిక్షమా?" పెద్దల్లో ఒకాయన కుర్చీలో కదిలాడు. "మంచిగున్నది. దొంగకే తాళంచెవి ఇచ్చినట్టు. సిమెంట్ బస్తాలు అమ్ముకొని ఇసుక పూసి పోయిండమ్మా వాడు. గందుకే గోడ గిట్లయింది."

"అమ్ముకోలేదండీ." అనుపమ సంచిలోంచి కాగితం తీసింది. "పరీక్ష చేయించాను. ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్లు ఇసుక. అన్ని చోట్లా ఒకటే లెక్క. ఒక్క బస్తా కూడా తగ్గలేదు. నిజం చెప్పాలంటే, ఆయన సగం సిమెంట్ అమ్ముకుని ఉంటే ఈ గోడ బతికేది."

కాగితం చేతులు మారుతూ విజయేందర్ దాకా వచ్చింది. అతను రెండుసార్లు చదివాడు. ముఖం కందిపోయింది.

"మరి మా డాడీ ఎందుకన్నట్టు?" అన్నాడు. "ఒక పనోన్ని పదిమందిల నిలబెట్టి ఊకెనే దొంగ అనే మనిషి గాదాయన. ఇంజనీరు రాసిచ్చిండు, నా దగ్గర కాగితం ఉంది అనేటోడు. ఆయన పోయినంక బీరువంత చూసిన, గా కాగితం దొరకలే. అయితే మా డాడీ అబద్ధం ఆడిండా? గిప్పుడు అందరు గదే అనుకుంటరు గద. ఎవరు రాసిన్రు ఆయనకు?"

జోగారావు చేయి తనకు తెలియకుండానే భుజం మీది కండువా సర్దుకుంది. గుమ్మడికాయల దొంగ సామెత ఆయనకే గుర్తొచ్చి, చేయి దించేసుకున్నాడు.

ఆ కాగితంలో ఎన్ని మాటలున్నాయో కూడా ఆయనకు తెలుసు. 2009లో తాను కాజీపేటలో ఉన్నప్పుడు, గోడ ఉబ్బుతోందనీ కారణం చెప్పమనీ విజయేందర్ తండ్రి ఉత్తరం రాశాడు. జోగారావు వచ్చి చూడలేదు. ఆఫీసు బల్ల మీదే జవాబు రాశాడు. 'సిమెంటు పాళ్లు సక్రమంగా నిర్ణయించబడినవి. లోపం పనితనములోనిది. సామగ్రి వినియోగము గురించి మేస్త్రీని విచారించగలరు.' కావాలని ఆడిన అబద్ధం కాదది. అదే ఇంకా బాధ. ముప్పై ఏళ్లు ప్లాట్‌ఫారాలూ క్వార్టర్లూ నీళ్లట్యాంకులూ సిమెంటుతో కట్టించిన మనిషికి, సిమెంటు తప్పు చేస్తుందని తట్టలేదు. తప్పంటూ జరిగితే చేతిది అయివుండాలి. ఆ సాయంత్రం కామాక్షి "బిక్షం అలాంటివాడా అండీ?" అని అడిగింది. "నీకు తెలియదులే" అన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు. ఆమె పోయి ఆరేళ్లయింది, ఇక అడగదు కూడా.

ఇప్పుడు మాట్లాడకపోయినా ఎవరికీ తెలియదు. కాగితం పోయింది. రాయించుకున్నవాడూ పోయాడు. సాయంత్రానికి తీర్మానం మీద సంతకాలవుతాయి, గోడతో పాటు సిమెంటూ లారీలో వెళ్లిపోతుంది. బిక్షం మాత్రం మెట్ల మీంచే లేచి, రెండు బస్సులు మారి, గేటు కాపలాకు తిరిగి వెళతాడు, దొంగగానే.

జోగారావు లేచి నిలబడ్డాడు.

"నేను రాశాను విజయేందర్. మీ నాన్నగారు అబద్ధం ఆడలేదు. నన్ను నమ్మారు."

ఆ చర్చిలో గొంతు పెంచనక్కర్లేదు. నిటారు చెక్క కప్పు మాటను పట్టుకుని పడమటి తలుపు దాకా మోసుకుపోతుంది. అది తెలిసే జోగారావు ముఖం ఆ తలుపు వైపు తిప్పుకున్నాడు.

"సిమెంటు పూయమన్నది నేను. ఒకటికి నాలుగు కలపమన్నది నేను. వద్దని బిక్షం చెప్పాడు. చెప్పాడని కూడా నేను ఎవరికీ చెప్పలేదు. గోడ చెడితే వచ్చి చూడకుండా, మేస్త్రీని విచారించండని రాశాను. బస్తాలు అమ్ముకున్నాడన్న మాట నేను అనలేదు. అనుకోవడానికి దారి వేశాను. నా మెడలో దండ వేశారు మీరు. అతని మెడకు నేను ఇది తగిలించాను."

చెప్పడం అయిపోయింది. ఇన్నేళ్లు మోసిన దానికి ఇన్నే మాటలా అనిపించింది ఆయనకు.

తలుపు దగ్గర నీలం చొక్కా కనబడింది. బిక్షం గడప అవతలే నిలబడి, ఒక చేత్తో తలుపు చట్రం పట్టుకున్నాడు.

"సార్, ఒక్కటి అడుగుత," అన్నాడు. "ఆ రోజు నేనేమన్ననో యాదున్నదా మీకు?"

"ఉంది. సున్నం గోడ ఊపిరి తీస్తది, దాని నోరు ముయ్యకుండ్రి అన్నావు."

"మీరేమన్నరు?"

"నాకు నేర్పుతావా అన్నాను."

"గది అందరంటరు సార్. గదేం లెక్కల లేదు. ఎనుక ఇంకోటన్నరు."

జోగారావు గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాడు. రాలేదు.

"గోడకు ఊపిరుంటె జొరం సుత వస్తదా, సూదిమందు వేద్దామా అన్నరు. అని నవ్విన్రు. కూలోళ్లందరు నవ్విన్రు. నేను సుత నవ్విన. పెద్ద సార్ నవ్వినంక నవ్వాలె గద." బిక్షం చట్రం మీది పాత రంగును గోటితో గీకాడు. "మీరు రాసిన కాగితం సంగతి నాకు ఎరుకలేదు. నాకు ఎరుకున్నది గా నవ్వొక్కటే. మా నాయన సున్నం పని చేసిండు, మా తాత చేసిండు. వాళ్ల మాట నా నోట్లకెళ్లి వచ్చింది, నేనే దాని మీద నవ్విన. నేను గట్టిగ నిలబడి, ఈ పని చెయ్యనని తాపీ కింద పడేసుంటే అయిపోవు. పడెయ్యలే. దొంగ అన్నప్పుడు సుత నోరు రాలే నాకు. గోడ ముంగట తప్పు చేసినోన్నే గద అనిపించింది."

"తప్పు నీది కాదు బిక్షం."

"ఊకోండి సార్. ఉన్నదంత మీరే తీస్కుంటె నాకేం మిగుల్తది?" బిక్షం గొంతులో కోపం ఇప్పుడు వినబడింది. "మా అనసూయ ఉన్నది. నా ఇంటామె. ఆటోల ఈ గుట్ట కిందికెళ్లి పోతుంటె మొఖం అటు తిప్పుకుంటది. ఆమెకు పోయి చెప్పుండ్రి మీరు. ఈడ చెప్పింది సాలదు. మా ఇంటికొచ్చి, ఆమె ముంగట కూసోని చెప్పాలె."

"వస్తాను. రేపే వస్తాను."

"ఇంకోటి." బిక్షం వేలు తిరిగి తిరిగి మూల నిలబడ్డ జకర్యా మీద ఆగింది. "బస్తాలు దించుకున్నది, తాళమేసింది గీనె. గీనెనే నా మీద చెప్పిండనుకున్న. పదహారేండ్లు గీనె మొఖం చూడలే."

"చూడకపోతె చూడకపోతివి," అన్నాడు జకర్యా. "పండక్కి కేకు పంపితే వాపస్ పంపినవ్. మల్లొచ్చే ఏడు పంపిన, మల్ల వాపస్ పంపినవ్. మూడో ఏడు పంపుడెందుకని నేనే తిన్న."

"మంచిగుండెనా?"

"నీ మొఖం. మాడింది."

పెద్దల్లో ఒకాయన నవ్వాపుకోలేక దగ్గాడు. విజయేందర్ నవ్వలేదు. కుర్చీ వెనక్కి జరిపి, చర్చి పొడుగునా నడిచి గడప దగ్గరికి వెళ్లాడు. బయట తుంపర మొదలైంది. తలుపు పక్కనున్న గొడుగు తీసి, విప్పి, బిక్షం తల మీద పట్టాడు. అలా ఎందుకు చేస్తున్నాడో తనకే తెలియనట్టు కాసేపు నిలబడ్డాడు.

"బిక్షమన్నా," అన్నాడు. "మా డాడీ ఉంటె ఆయనే వచ్చేటోడు. ఆయన బదులు నేనొచ్చిన. లోపటికి రా."

బిక్షం చెప్పులు విడిచాడు. గడప దాటాడు.

పాస్టరుగారు మినిట్స్ పుస్తకం తెరిచి, తన చేత్తోనే రాయడం మొదలుపెట్టారు. 'బిక్షంగారి మీద మోపబడిన నింద నిరాధారమని ఈ సంఘము గుర్తించి...' పక్కనున్న పెద్దాయన తొంగిచూసి "గారు ఎందుకయ్యగారూ, ఉట్టిగ బిక్షం అని రాస్తె సాలదా?" అన్నాడు. "గారు ఉండనివ్వండి," అన్నారు పాస్టరుగారు, తల ఎత్తకుండానే. కింద జోగారావు సంతకం చేశాడు. తీర్మానం మీద సంతకాలు వచ్చే నెలకు వాయిదా పడ్డాయి. ఈలోగా గోడను నిలబెట్టే దారి బిక్షమూ అనుపమా కలిసి రాసివ్వాలి. రాసివ్వలేకపోతే హాలు పటమే పై ఆఫీసుకు వెళుతుంది.

బిక్షానికి ఇదేమీ పట్టినట్టు లేదు. పెచ్చు తీసిన చోట నిలబడి గోడను వేలి కణుపుతో కొడుతూ, చెవి ఆనించి వింటూ, నెమ్మదిగా తూర్పుకు జరుగుతున్నాడు. తెల్లటి పొడి వేలికి అద్దుకుని నాలుకకు రాసుకున్నాడు.

"ఉప్పు," అని ఉమ్మేశాడు. "గోడంత మింగింది. గయినా మధ్యల రాయి మంచిగుంది. ఎన్క సుత చూస్త. జెర ఈ వాన ఆగనియ్యిండ్రి."

వాన నాలుగింటికి ఆగింది. అందరూ జకర్యా వండించిన పప్పూ అన్నం తిని మళ్లీ లోపలికి వచ్చారు. బిక్షం గోడ వెనక్కి వెళ్లి వచ్చాక, ఇంతవరకూ ఎవరూ చూడని వైపు చూశాడు. పైకి.

ఆ నిటారు కప్పును తొమ్మిది టేకు దూలాల చట్రాలు మోస్తున్నాయి. ఒక్కో దూలం కొన ఉత్తరపు గోడలోకి చొచ్చుకుపోతుంది. చొచ్చుకుపోయిన ప్రతి చోటా, నల్లటి టేకు చుట్టూ చదరంగా బూడిదరంగు సిమెంటు ఉంది.

"దూలాల కొనలకు సిమెంట్ ఎవరు పెట్టిన్రు?" అడిగాడు బిక్షం. "నేను గోడలకే పూసిన. ఇది నా చెయ్యి గాదు."

"నేనే పెట్టించాను," అన్నాడు జోగారావు. "వేరే కూలీలతో. దూలం చుట్టూ సందు ఉంటే, ఎలుకలూ పిచ్చుకలూ చేరుతున్నాయని. గట్టిగా కూడా ఉంటుందని."

"సందు పిట్టల కోసం ఇడువలే సార్ పాతోళ్లు. కట్టెకు గాలాడాలె." బిక్షం చొక్కా చేతులు పైకి మడిచాడు. "నిచ్చెన తెప్పియ్యిండ్రి."

జకర్యా నిచ్చెన తెచ్చి గోడకు ఆనించి, రెండు చేతులా పట్టుకున్నాడు. అరవై ఆరేళ్ల బిక్షం దాని మీద పిల్లిలా ఎక్కాడు.

"గట్టిగ పట్టు," అని పైనుంచి అన్నాడు. "పదహారేండ్ల కోపం గిప్పుడు తీర్చుకోకు."

"కోపం పెట్టుకున్నది నువ్వు. నేను పట్టుకునే ఉన్న. చప్పుడు చెయ్యకుండ ఎక్కు."

అనుపమ తన సంచిలోంచి సన్నటి ఇనుప పుల్ల అందించింది. బిక్షం సిమెంటుకూ చెక్కకూ మధ్య దాన్ని ఆనించి నెట్టాడు. టేకు అయితే గోరంత దూరంలో ఆగాలి. పుల్ల ఆగలేదు. జానెడు పుల్ల, వెన్నలోకి దిగినట్టు, పిడి దాకా దిగింది. బయటికి లాగితే దాని వెంట తడి పొడి, గోధుమరంగుది, కొంచెం రాలి జకర్యా తల మీద పడింది.

బిక్షం దిగి, నిచ్చెన జరిపించి, రెండో దూలం చూశాడు. మూడోది చూశాడు. నాలుగోదానికి అనుపమ ఎక్కింది. దిగేటప్పుడు ఆమె చేతులు మెట్లను గట్టిగా పట్టుకున్నాయి.

"చెప్పమ్మా," అన్నారు పాస్టరుగారు.

ఆమె బిక్షం వైపు చూసింది. చెప్పే హక్కు అతనిదన్నట్టు.

"దూలాల కొనలు లేవు అయ్యగారూ," అన్నాడు బిక్షం. "సిమెంట్ లోపట తడి దిగి కుళ్లిపోయినయి. కింద గోడ సుత పిండైంది. కప్పు గిప్పుడు గోడ మీద లేదు. సార్ పెట్టించిన సిమెంట్ డబ్బాల మీద కూసున్నది."

"అయితే సిమెంట్ ఊడదీస్తే?" అన్నాడు విజయేందర్.

"కప్పు దిగుతది."

"ఊడదీయకపోతే?"

"గోడ దిగుతది."

జోగారావు పైకి చూశాడు. ఇరవై రెండేళ్లుగా ఈ కప్పు కింద ఎన్ని పెళ్లిళ్లయ్యాయో, ఎన్ని ఆదివారాలు పిల్లలు పాడారో ఆయన లెక్కపెట్టలేదు. ఏదీ కూలలేదు. దాన్ని అదృష్టం అనడానికి నోరు రాలేదు. అంతకంటే పెద్ద మాటే కావాలి దానికి.

"ఎన్నాళ్లుంటుంది బిక్షం?" అని అడిగాడు.

"ఎండలుంటె చెప్పేటోన్ని. ఇది వానకాలం." బిక్షం తలుపులోంచి ఆకాశం చూశాడు. లాలాగూడ వర్క్‌షాపు కప్పుల పైన మబ్బు మళ్లీ కమ్ముకుంటోంది. "సున్నం తర్వాతి ముచ్చట సార్. ముందు కప్పు పడకుండ కింద కర్ర పోట్లు పెట్టాలె. తొమ్మిదింటికి తొమ్మిది. రేప్పొద్దుగాల కర్ర దిగాలె ఈడ. కానీ పోటు పెట్టేటందుకు సుత ఎవరో ఒకరు లోపట నిలబడాలె గద."

ఎవరు నిలబడతారని ఎవరూ అడగలేదు. జోగారావు మాత్రం మొదటి దూలం కిందికి ఒక అడుగు వేశాడు. బిక్షం ఆయన్ని చూశాడు. తల అడ్డంగా ఊపాడో, నిలువుగా ఊపాడో ఆ మసక వెలుతురులో తేలలేదు.

సాయంత్రం ఆరాధనకు గుట్ట ఎక్కుతున్నవాళ్లను పాస్టరుగారు గేటు దగ్గరే ఆపి, ప్రార్థన స్కూలు వరండాలో అని చెప్పి పంపించారు. ఆ అదురుకు గోడ దిగుతుందేమోనని గంట కొట్టవద్దన్నారు. జకర్యా తాడు పైకి చుట్టి మేకుకు తగిలించాడు. నలభై ఏళ్లలో గంట మోగని మొదటి ఆదివారం సాయంత్రం అదే అన్నాడు, ఎవరితోనూ కాదు.

చివరికి అందరూ మెట్ల మీదికి వచ్చేశారు. వాన పెద్దదైంది. అయినా తెరిచి ఉన్న తలుపులోంచి, గోడలో ఎక్కడో ఇసుక జారుతున్న సన్నని చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్లీ మొదలైంది.

వానకాలంలో ఆ టేకు తలుపు ఉబ్బుతుంది. జకర్యా రోజూ దాన్ని భుజంతో నెట్టి మూస్తే, ఆ ధడేల్ చప్పుడు రైల్వే క్వార్టర్ల దాకా వినబడేది. ఇవాళ అతను చెప్పులు విడిచి, తలుపు అడుగున వేళ్లు దూర్చి, నిద్రపోతున్న పసిబిడ్డను ఎత్తినట్టు కాస్త పైకెత్తాడు. రెండో రెక్కను బిక్షం పట్టుకున్నాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి, అంగుళం అంగుళం చొప్పున, చప్పుడు లేకుండా తలుపు మూశారు.